నాయకుడు గారూ, గంట కూడా మీరే కొట్టాలి

సర్కారు బడుల రోగమేమిటో ఎట్టకేలకు తేలిపోయింది. పంతుళ్లు చాలకపోవడం కాదట. గదులు లేకపోవడం కాదట. ఐదు తరగతుల పిల్లలు ఒకే వరండాలో ఐదు పాఠాలు ఒక్కసారిగా వినాల్సి రావడం అసలే కాదట. లోపమంతా నాయకత్వంలో ఉందట. హెడ్మాస్టర్లలో నాయకత్వ లక్షణాలు పెంపొందిస్తే స్లాబు కారడం దానంతటదే ఆగిపోతుంది, ఎండిన బోరులో నీళ్లు వాటంతటవే పైకొస్తాయి. ఇది కనిపెట్టిన పెద్దల దూరదృష్టికి దణ్ణం పెట్టాల్సిందే. ఒక టీచరును వేస్తే ముప్పయ్యేళ్లు జీతమివ్వాలి, డీఏలు బకాయి పడాలి, పీఆర్సీ ఎప్పుడని అడిగినప్పుడల్లా ముఖం చాటేయాలి. నాయకత్వానికైతే ఒక ప్రొజెక్టరు, రెండు పూటలా టీ, మధ్యాహ్నం సాంబారన్నం, చివర్లో ఒక సర్టిఫికెట్టు చాలు.

ఈ సరుకు చిల్లరగా రావడం లేదు. దిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ (నీపా)లో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం 2012 నుంచి ఉంది. 2019లో టీచర్లకూ హెడ్మాస్టర్లకూ నిష్ఠ శిక్షణ వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం టీచర్లతో పాటు ప్రధానోపాధ్యాయులకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. వీటిలో పనిచేసేవాళ్లలో తెలిసినవాళ్లూ, చిత్తశుద్ధి ఉన్నవాళ్లూ లేకపోలేదు. కానీ ఆ మాట దిల్లీలో బయల్దేరి, రాష్ట్ర రాజధానిలో బండి మారి, జిల్లాలో దిగి, మండల రిసోర్స్ సెంటర్ మెట్లెక్కేసరికి మిగిలేది స్లైడు మీద ఒక సింహం బొమ్మ. పక్కన కొన్ని గొర్రెలు. గొర్రెల్ని సింహం నడిపిస్తే ఏమవుతుందో, సింహాల్ని గొర్రె నడిపిస్తే ఏమవుతుందో చెప్పి రిసోర్స్ పర్సన్ గారు చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ గదిలో గొర్రెలెవరో, సింహమెవరో ఎవరూ అడగరు. అడిగితే ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాయమంటారు.

బీఎడ్ చదివిన ప్రతివాళ్లూ మూడు ముక్కలు బట్టీపట్టి ఉంటారు: నిరంకుశ నాయకత్వం, ప్రజాస్వామిక నాయకత్వం, జోక్యం చేసుకోని నాయకత్వం. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న. ఈ మూడూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయంటే, కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులిద్దరు అమెరికాలోని అయోవాలో పదేళ్ల మగపిల్లల్ని క్లబ్బులుగా చేర్చి, మాస్కులూ అవీ తయారు చేయించారు. క్లబ్బుకో పెద్దమనిషి. ఒకసారి గద్దిస్తాడు, ఒకసారి సలహా అడుగుతాడు, ఒకసారి గోడకానుకుని ఊరుకుంటాడు. ఎప్పుడెప్పుడు పిల్లలు ఎలా ఉన్నారో రాసుకుని 1939లో అచ్చేశారు. మంచి ప్రయోగమే. కాకపోతే ఒక్కో క్లబ్బులో పిల్లలు ఐదుగురే. ఒక పెద్దకు ఐదుగురు పిల్లలు! మన దగ్గర ఆ లెక్క వచ్చిందంటే ఎవరూ నాయకత్వ శైలిని పరిశీలించరు. బడికి తాళం వేసి పిల్లల్ని పక్క ఊరి బడిలో కలిపేస్తారు.

మన లెక్కలు వేరు. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125. అందులో మొదటి ర్యాంకు ఆంధ్రప్రదేశ్‌ది, 12,912 బడులతో. ఈఏపీసెట్ ఫలితాల మర్నాడు టీవీలో కార్పొరేట్ కాలేజీ ప్రకటన గొంతు చించుకుని ‘ఒకటీ... ఒకటీ... ఒకటీ...’ అని చదువుతుందే, ఆ స్వరంలో చదువుకోవాల్సిన ర్యాంకు ఇది. ఎందుకో ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు. తెలంగాణ ఇంకో విభాగంలో రాణించింది. ఒక్క పిల్లాడూ చేరని బడులు అదే లెక్కల్లో అక్కడ 2,245. బడి ఉంది, బోర్డు ఉంది, కొన్నిచోట్ల పంతులూ ఉన్నాడు, నడిపించడానికి మాత్రం ఎవరూ లేరు. అటు నాయకుడికి సహచరుల్లేరు, ఇటు అనుచరుల్లేరు. రెండు రాష్ట్రాలూ కలిసే ఉంటే కనీసం సర్దుబాటైనా చేసుకునేవాళ్లు.

ఇప్పుడు ఆ 12,912 బడుల్లో ఒకదానికి వెళ్లి భాగస్వామ్య నాయకత్వం గురించి చెప్పండి. అధికారాన్ని సిబ్బందితో పంచుకోవాలని చెప్పండి. అక్కడున్న సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ) మేడంగారు బుద్ధిగా నోటు చేసుకుంటారు. స్టాఫ్ మీటింగు నెలకోసారి జరపాలి గనక జరుపుతారు. ఆవిడే అధ్యక్షత వహిస్తారు, ఆవిడే హాజరవుతారు, ఆవిడే ప్రతిపాదిస్తారు, ఆవిడే బలపరుస్తారు. తీర్మానం ఏకగ్రీవం. మినిట్స్ బుక్కులో సంతకాల కోసం గీసిన ఐదు గడుల్లో నాలుగు ఖాళీ. అధికారం పంచుకోవడం కూడా జరుగుతూనే ఉంది: గంట కొట్టే బాధ్యత ఐదో తరగతి లీడర్ కుర్రాడిది, ఒకటో తరగతికి అఆలు దిద్దించే బాధ్యత ఐదో తరగతిలో బాగా చదివే అమ్మాయిది. ఆ అమ్మాయి చదువు బాధ్యత ఎవరిదన్న కాలమ్ ఆ ఫారంలో లేదు.

ఇంకో ముచ్చట. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలకు ప్రత్యేకంగా ప్రధానోపాధ్యాయుడు కావాలంటే పిల్లలు 150 దాటాలి. మన పల్లెల్లో 150 దాటే ప్రాథమిక పాఠశాలలు ఎన్ననుకున్నారు? అంటే నాయకత్వ శిక్షణకు రమ్మని పిలుస్తున్నది ఎక్కువభాగం నాయకుడి పోస్టే లేని బడుల్ని. ఉన్నవాళ్లలో సీనియర్ ఎవరైతే వాళ్లకే ఇన్‌ఛార్జ్ అని పేరు. తరగతులు తగ్గవు, జీతం పెరగదు, సంజాయిషీ నోటీసులు మాత్రం ఆ పేరుమీదే వస్తాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుక్కి మాత్రం లీడర్‌షిప్ సర్టిఫికెట్టు.

ఆ ఇన్‌ఛార్జ్ మేడంగారి పొద్దు ఎలా తెల్లవారుతుందో ఒక్కసారి చూడాలి. బడి ఆవరణలో సిగ్నల్ దొరికేది వేపచెట్టు పక్కన బోరింగు దిమ్మ మీద. దాని మీదికెక్కి, ఫోను ముఖానికి ఎదురుగా పెట్టుకుని, కళ్లద్దాలు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి. ఆంధ్రలో ఈ ముఖ హాజరు 2022 ఆగస్టులో మొదలైంది, 9 దాటి ఒక్క నిమిషమైనా సెలవు కిందే లెక్క అన్నారు. తెలంగాణకు 2025 ఆగస్టులో వచ్చింది. పదిహేనేళ్లుగా ఊరంతా గుర్తుపట్టే ముఖాన్ని సర్వర్ గుర్తుపట్టదు. ప్రార్థనకు వరసలో నిలబడ్డ పిల్లలు టీచరమ్మ దిమ్మ మీద తిరుగుతుంటే సూర్యనమస్కారమనుకుని తామూ చేతులు జోడిస్తారు. ఆ తర్వాత పిల్లల హాజరు ఒక యాప్‌లో, భోజనం లెక్క ఇంకో చోట. ఆంధ్రలో 2021 ప్రాంతంలో మరుగుదొడ్డి ఫొటోలు కూడా రోజూ ఎక్కించమన్నారు. శుభ్రమైన దొడ్డికి దాని ఫొటోకి తేడా ఏమిటంటే, ఫొటో వాసన రాదు. అందుకే పైవాళ్లకు ఫొటో అంటే ఇష్టం.

పది గంటలకు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. ‘మోస్ట్ అర్జెంట్. 11 గంటలలోగా క్రింది లింకునందు వివరములు నింపని హెచ్‌ఎంల పేర్లు పై అధికారులకు పంపబడును.’ కింద వరుసగా నలభై ‘ఓకే సార్’లు, దణ్ణం బొమ్మలు. ఆ వివరాలు నిన్న ఎక్సెల్‌లో పంపినవే, మొన్న రెండు ప్రతుల్లో ఎంఆర్‌సీలో ఇచ్చి వచ్చినవే. అయినా నింపాలి, నింపకపోతే మన బడి ఎర్ర గడిలో కనిపిస్తుంది. ఇక్కడ రెండో తరగతి కుర్రాడు ‘బలపం’ చదవబోయి ‘బ... ల...’ దగ్గర ఆగి, తర్వాతి అక్షరం అందించమని టీచరమ్మ ముఖం వైపు చూస్తాడు. ఆవిడ ముఖం అప్పటికి సర్వర్ వైపు ఉంటుంది.

విద్యాహక్కు చట్టమైతే ఉంది. 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప ఇంకో పనికి టీచర్లను పంపకూడదు. అది రాసినవాళ్లకు మన ఊహాశక్తి తెలియదు. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో క్యూలు సర్దడానికి పంతుళ్లకు డ్యూటీ వేశారు. ఏ సెక్షన్ కింద వేశారో గానీ, పిల్లల్ని వరసలో నిలబెట్టిన అనుభవం అక్కరకొచ్చిందనుకోవాలి. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి సర్వేకు ప్రాథమిక పాఠశాలల టీచర్లను కదిలించి బడుల్ని ఒంటిపూటకు కుదించారు. సర్వే అవసరమైనదే కావచ్చు. కానీ ప్రభుత్వానికి ఏ పని తోచినా చేయి ముందుగా వెళ్లేది పంతులు మీదికే. అదే చేత్తో సాయంత్రం ‘మీ బడిలో అభ్యసన ఫలితాలు ఎందుకు తగ్గాయి’ అని మెమో రాస్తుంది.

ఇక వనరుల సంగతి. ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష ఇచ్చే గ్రాంటు ఏడాదికి 10,000 రూపాయలు. రోజుకు 27. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, ఫినాయిల్, విరిగిన కుళాయి, స్వాతంత్య్ర దినోత్సవం జెండాతాడు, యాప్‌లకు కావలసిన డేటా, అన్నీ అందులోనే. అదైనా జూన్‌లో వస్తే అదో అందం. బడి ముగిసే రోజుల్లో వచ్చి, మార్చి 31లోగా ఖర్చుపెట్టి వినియోగ పత్రం ఇమ్మంటుంది. 2025 మే నుంచి ప్రాథమిక పిల్లాడి మధ్యాహ్న భోజనం వంట ఖర్చు కేంద్రం నిర్ణయించిన ప్రకారం పూటకు 6 రూపాయల 78 పైసలు. పప్పు, కూర, నూనె, పోపు, కట్టెలు, అన్నీ కలిపి. ఊరి హోటల్లో టీ పది రూపాయలు. ఈ డబ్బుతో పిల్లలకు అన్నం పెట్టించి, వంటమ్మ బిల్లు ఆలస్యమైతే ఆవిణ్ణి బతిమాలి, కిరాణా కొట్టువాడికి ముఖం చూపించే హెచ్‌ఎంకు ‘పరిమిత వనరుల సమర్థ నిర్వహణ’ మీద రెండు గంటల క్లాసు పీకుతారు. తాతకు దగ్గులు నేర్పినట్టు.

డబ్బు వచ్చిన రోజులూ ఉన్నాయి, కాదనను. ఆంధ్రలో నాడు-నేడు తొలి విడతకు 15,715 బడుల్లో 3,669 కోట్లు ఖర్చన్నారు. తెలంగాణలో 2022లో మన ఊరు-మన బడికి 26,065 బడులు, 7,289 కోట్లు అని ప్రకటించారు. ఫ్యాన్లొచ్చాయి, బల్లలొచ్చాయి, గోడలకు రంగులొచ్చాయి. ఆడపిల్లలకు తలుపున్న మరుగుదొడ్లొచ్చిన చోట్ల అది చిన్న సంగతి కాదు. కానీ ఆ పనులు చేయించిందెవరు? ఆంధ్రలో తల్లిదండ్రుల కమిటీ, దానికి కన్వీనరు హెడ్మాస్టరు. లెక్కలు చెప్పాల్సిన మాస్టారు సిమెంటు బస్తాలు లెక్కపెట్టారు. సైన్సు మాస్టారు ఇసుకలో తేమ చూశారు. రెండో విడతలో సగంలో ఆగిన గోడల పక్కన నిలబడి, బిల్లు ఎప్పుడొస్తుందని మేస్త్రి అడిగితే పైకి చూశారు. తెలంగాణలోనూ బిల్లుల కోసం తిరిగినవాళ్లు తిరుగుతూనే ఉండిపోయారు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, గోడల రంగులు మారాయి. హెచ్‌ఎం చేతిలో పనుల కొలతలు రాసే ఎం-బుక్ మాత్రం మారలేదు.

ఇంతదాకా చదివి హెడ్మాస్టర్లంతా పాపం పుణ్యం ఎరగరని మీరు అనుకుంటే అదీ పొరపాటే. గోతులు తవ్విన వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వ్యవస్థ ఏది అడిగితే అది పెంచి ఇవ్వడంలో కొందరు దిట్టలు. వ్యవస్థ ఫొటో అడిగింది, ఫొటో హెడ్మాస్టరు పుట్టుకొచ్చాడు. ఈయన బడిలో ఏడాది పొడుగునా ఏదో ఒక దినోత్సవమే. ఓజోన్ దినోత్సవం, చేతులు కడిగే దినోత్సవం, ఏకతా ప్రతిజ్ఞ, మొక్క నాటుడు. మొక్క ఒకటే, గుంట ఒకటే, ఏటా నాటేవాళ్లు మాత్రం మారతారు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లాడి చేతిలో థర్మాకోల్ సూర్యకుటుంబం పెట్టి, వాడి నోటికి నాలుగు ఇంగ్లిషు వాక్యాలు పట్టించి, అధికారి కారు దిగగానే వినిపిస్తాడు. తల్లిదండ్రుల సమావేశమంటే తాళ్లు లాగే పోటీకి, ముగ్గుల పోటీకి ముందుంటాడు. పిల్లాడికి చదవడం వచ్చా అని ఒక తల్లి అడిగితే, ‘ముందు మీరు ముగ్గు వేయండమ్మా’ అంటాడు. సెప్టెంబరు 5న శాలువా ఈయనకే. ఇవ్వకపోతే ఎలా? దరఖాస్తుకు జతచేయాల్సిన ఫొటోల ఆల్బం ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరుంది?

పదో తరగతి ఫలితాల కాలంలో నిరంకుశ శైలి ప్రత్యక్షమవుతుంది. కలెక్టరుగారు డీఈవోను, డీఈవో ఎంఈవోను, ఎంఈవో హెచ్‌ఎంను, హెచ్‌ఎం టీచర్లను, టీచర్లు పిల్లల్ని, పిల్లలు ఇంట్లో అమ్మను. 100 రోజుల ప్రణాళిక, ఆదివారాలూ బడే, స్లిప్ టెస్టులు, వెనకబడ్డ పిల్లల దత్తత, తెల్లవారుజామున ఫోను చేసి నిద్ర లేపడం. ఆరో తరగతిలో చదవడం రాకుండా వచ్చిన పిల్లాడు నాలుగేళ్లు బడిలో ఎవరికీ కనబడలేదు, పదో తరగతి డిసెంబరులో అకస్మాత్తుగా ‘డి గ్రేడు’ అన్న పేరుతో దత్తపుత్రుడవుతాడు. ఉత్తీర్ణత శాతం తగ్గితే హెచ్‌ఎంకు షోకాజ్. ఆరో తరగతిలో చదవడం రాకపోతే ఎవరికి షోకాజ్ ఇవ్వాలో ఇప్పటికీ ఏ జీవోలోనూ లేదు.

జోక్యం చేసుకోని శైలి వాళ్లు నిర్భయంగా ఉంటారు. వీళ్ల గది తలుపు దగ్గర తెర, కుర్చీ మీద తువ్వాలు. సంఘం పని మీద ఓడీ, లేకపోతే ట్రెజరీ పని, లేకపోతే ఎల్‌ఐసీ, చీటీల పాట, ప్లాట్లు. వారానికి ఇన్ని పీరియడ్లు తామూ చెప్పాలన్న నిబంధన ఉందని వాళ్ల టైంటేబుల్ ఛార్టులో మాత్రమే కనిపిస్తుంది. తమ పిల్లలు టౌన్‌లో ప్రైవేటు స్కూల్లో. తాము పనిచేసే బడిలో అడ్మిషన్లు ఎందుకు తగ్గుతున్నాయో వీళ్లకి నిజంగానే అర్థం కాదు.

పెద్దవాళ్లు ఇక్కడొక పాత పాట ఎత్తుకుంటారు. ‘సర్వేల్ చూడండి, తాడికొండ చూడండి, కొడిగెనహళ్లి చూడండి. ఆ ప్రిన్సిపాళ్లు నడిచొస్తుంటే చెట్లు కూడా కదిలేవి కావు.’ నిజమే, 1971లో సర్వేల్‌లో మొదలై, మరుసటి ఏడాది మిగతా రెండుచోట్లా వచ్చిన ఆ గురుకులాలు మనవాళ్లు గర్వపడదగ్గవి. కానీ అక్కడ ప్రవేశ పరీక్ష పెట్టి ఏరిన పిల్లలున్నారు, సబ్జెక్టుకో మాస్టారున్నారు, హాస్టలుంది, మూడు పూటలా తిండుంది. ఆ ప్రిన్సిపాల్‌ను ఎవరూ మరుగుదొడ్డి ఫొటో అడగలేదు. అవన్నీ మరిచిపోయి ప్రిన్సిపాల్ గారి నడకొక్కటే గుర్తుపెట్టుకుని, ఆ నడకను మండల కేంద్రంలో ఐదు రోజుల్లో నేర్పుతామంటే ఏం చెప్పను?

నాయకత్వం వల్ల ఉపయోగం లేదని నా వాదన కాదు. ఉంది గనకే ఈ కోపం. ఆర్థికవేత్తలు బ్లూమ్, వాన్ రీనెన్‌ల బృందం ఎనిమిది దేశాల్లో 1,800 పైచిలుకు హైస్కూళ్లు పరిశీలించి 2015లో రాసిన దాంట్లో, నిర్వహణ బాగున్న బడుల్లో పిల్లల ఫలితాలూ బాగున్నాయి. ఆ ఎనిమిదిలో ఆఖరి స్థానం మనది. ప్రభుత్వ సొమ్ముతోనే నడుస్తూ, తమ నిర్ణయాలు తాము తీసుకునే స్వేచ్ఛ ఉన్న బడులు మామూలు ప్రభుత్వ బడులకన్నా మెరుగ్గా కనిపించాయి. న్యూజిలాండ్‌కు చెందిన వివియన్ రాబిన్సన్, సహచరులు 2008లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు దగ్గర పెట్టుకుని చూస్తే, స్ఫూర్తి, దార్శనికత అంటూ ఊదరగొట్టే నాయకత్వం కన్నా, బోధన మీద దృష్టిపెట్టే నాయకత్వం ప్రభావం మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అందులోనూ అన్నిటికన్నా గట్టిగా పనిచేసింది, హెడ్మాస్టరు తన టీచర్లతో పాటు కూర్చుని తానూ నేర్చుకోవడం. సింహాలూ గొర్రెలూ ఎక్కడా తగల్లేదు.

ఇక మన దేశపు కథ చెప్పి తీరాలి. మధ్యప్రదేశ్‌లో బడుల నిర్వహణను బాగుచేయడానికి 1,774 బడులను లాటరీ పద్ధతిలో ఎంచుకుని ఒక పెద్ద కార్యక్రమం నడిపారు. ప్రతి బడినీ మదింపు చేశారు, రేటింగ్ ఇచ్చారు, ఏ బడికి ఆ బడి అభివృద్ధి ప్రణాళిక రాయించారు. దాదాపు అన్ని బడుల మదింపూ పూర్తయింది. రేటింగులూ సరిగ్గానే వచ్చాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ వెళ్లి ఫలితం చూస్తే బడి నడిచే తీరులో మార్పు సున్నా, పిల్లల చదువులో మార్పు సున్నా. కింది స్థాయి ఉద్యోగులను అడిగితే పెరిగిందల్లా కాగితాల పని అన్నారు. మరి ఏం చేశారు? ఆపేశారా? ఆ పథకాన్ని దేశవ్యాప్తంగా ఆరు లక్షల పైచిలుకు బడులకు విస్తరించారు. పేరు శాలాసిద్ధి. మన హెచ్‌ఎంలు రాత్రిళ్లు కూర్చుని నింపిన ఫారాల్లో అదీ ఒకటి. పనిచేయని మందు ఊరందరికీ పంచిన వైద్యుడి మీద కేసు పెడతాం. ఇక్కడ మాత్రం దాన్నే ఉత్తమ పద్ధతి అన్నాం.

అంతకుముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో ఇదే మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఇంకోటి చూశారు. పిల్లలకు ఏమొచ్చో ఏమి రాదో వివరంగా పరీక్షించి, ఆ నివేదికలు టీచర్ల చేతికిచ్చి, అప్పుడప్పుడు వెళ్లి చూశారు. వెళ్లి చూసినంతసేపూ టీచర్లు చురుగ్గా పాఠం చెప్పారు. ఏడాది చివర పరీక్ష పెడితే మిగతా బడులకూ వీటికీ తేడా లేదు. ఇంత ఖరీదైన పాఠం మన ఊళ్లలోనే నేర్చుకున్నాం. నేర్చుకుని డ్యాష్‌బోర్డులు కొన్నాం.

నేనెరిగిన ఒక జిల్లా పరిషత్ హైస్కూలు హెచ్‌ఎం గారి సంగతి చెబుతాను. మండలం పేరు చెబితే ఆయనకే నష్టం. ఆయన ఉదయం బడికి రాగానే ఫోనును ఇనుప బీరువాలో, పాత సర్వీస్ రిజిస్టర్ల మీద పెట్టి తాళం వేసేవాడు. మధ్యాహ్నం భోజనాల గంట దాకా తీసేవాడు కాదు. ఆరో తరగతిలో చదవడం రాని పిల్లలు ఇరవై మందికి పైగా తేలితే, వేరే గది లేదు గనక తన గదిలోనే చాప పరిపించాడు. కుర్చీ వరండాలోకి వెళ్లింది. ఆలస్యంగా వచ్చే లెక్కల మాస్టారికి మెమో ఇవ్వలేదు. ఆ పీరియడ్‌కు తానే వెళ్లి లెక్క మొదలుపెట్టేవాడు. మాస్టారు గుమ్మంలోకి వచ్చేసరికి బోర్డు మీద సగం లెక్క ఉండేది. ‘రండి సార్, ఇక్కడి నుంచి మీరు’ అని సుద్దముక్క చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడు. నాలుగు సార్లకు మాస్టారు ప్రార్థన గంటకే రావడం మొదలుపెట్టారు. నెలకు రెండుసార్లు ఒకరి క్లాసులో ఇంకొకరు వెనక బెంచీలో కూర్చోవాలన్న పద్ధతి పెట్టాడు, మొదటి వారం అందరూ వచ్చి కూర్చున్నది ఆయన క్లాసులోనే. తిట్టించుకున్నది కూడా ఆయనే. తెలుగు మేడం గారు ‘సార్, మీరు బోర్డుతో మాట్లాడుతున్నారు, పిల్లలతో కాదు’ అన్నారు. నోటు చేసుకున్నాడు.

ఆయనది ఏ శైలి? రిసోర్స్ పర్సన్‌ గారి స్లైడులో ఇమడదు. శాఖవారి దృష్టిలో మాత్రం స్పష్టంగా ఉంది: ఎర్ర గడి. పదకొండింటికి పంపాల్సిన వివరాలు రెండింటికి పంపేవాడు గనక నెలనెలా సమీక్షలో లేపి నిలబెట్టేవారు. వెనుకబడ్డ హెచ్‌ఎంల జాబితాలో రెండో పేరు. మొదటి పేరు అప్పటికే రిటైరైన వ్యక్తిది, తీసేయడానికి ఆప్షన్ లేదట. సమీక్ష చేసే ఎంఈవో గారినీ అనలేం. ఆయనా ఇన్‌ఛార్జే. సొంత హైస్కూలు ఒకటుంది, దానితో పాటు మండలమంతా నెత్తిన ఉంది. ఆయన బడిలో ఆయన కనిపించి ఎన్నాళ్లయిందో పిల్లలే చెప్పాలి.

ఐదేళ్లు నిండిన హెచ్‌ఎం, ఎనిమిదేళ్లు నిండిన టీచరు కదిలి తీరాలన్నది రెండు రాష్ట్రాల్లోనూ బదిలీల నిబంధన. మారుమూల ఊళ్లలో ఇరుక్కుపోయినవాళ్లకు అది న్యాయమే. ఏళ్ల తరబడి కుర్చీకి వేళ్లు దిగినవాళ్లను కదిలించడానికీ అది కావాల్సిందే. కానీ వెబ్ ఆప్షన్ల సర్వర్‌కు ఈ బడి ఏ దశలో ఉందన్న కాలమ్ లేదు. చాప మీది పిల్లలు రెండో బ్యాచ్ అయిపోయి మూడో బ్యాచ్ నడుస్తుండగా, వేసవి సెలవుల్లో ఆయనకు ఆర్డరొచ్చింది. డెబ్బై కిలోమీటర్ల అవతల ఇంకో హైస్కూలు.

జూన్‌లో కొత్త సారు చేరారు. నాయకత్వ శిక్షణ మూడు విడతలూ పూర్తిచేసిన మనిషి, రెండుసార్లు జిల్లా స్థాయి ఉత్తమ ఉపాధ్యాయుడు. గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, చాప మీది పిల్లల్ని చూసి, అటెండరు వైపు తిరిగి, ‘హెచ్‌ఎం రూమ్ ఏదయ్యా?’ అన్నారు.

‘ఇదే సార్.’

‘మరి వీళ్లెవరు?’

‘చదవడం రానోళ్లు సార్.’

‘చదవడం రానోళ్లు క్లాసులో ఉండాలి గానీ ఇక్కడెందుకు? ముందు చాప ఎత్తించు. వరండాలో ఉన్న కుర్చీ లోపలికి తెప్పించు.’

సాయంత్రానికి తలుపు మీద పేరు రాయించారు, తెర కట్టించారు, కుర్చీకి కొత్త తువ్వాలు వేయించారు. కూర్చుని ఫొటో తీయించుకుని ‘విధులలో చేరితిని’ అని మండల గ్రూపులో పెట్టారు. నలభై దణ్ణాలు వచ్చాయి. ఎంఈవో గారు మాత్రం, ఎప్పుడూ ఎవరికీ పెట్టని పూలగుత్తి పెట్టి, కింద రాశారు: ‘ఇకనైనా ఆ పాఠశాల గ్రీన్‌లోకి రావాలి.’